మానేరు ఒడ్డున దిగిన పోర్చుగీసు కప్తాను

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. కంటికి ఏ వస్తువు కనబడినా అది ఏ దేశం నుంచి, ఏ ఓడలో మన దగ్గరికి వచ్చిందో చెప్పకుండా ఊరుకోలేకపోయేవాణ్ణి. ఆ రోజులంటే రాజుల కాలం అనుకునేరు, మొన్నమొన్నటి మాటే. కరీంనగర్‌లో నేను ఎం.ఏ. చరిత్ర వెలగబెట్టిన రెండేళ్లు. చదువు కొందరికి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది, నాకు జ్వరంలా ఎక్కింది. బోథ్ దగ్గర పత్తి చేన్ల మధ్య పెరిగి, సముద్రమంటే పటంలో నీలిరంగు అని మాత్రమే తెలిసినవాణ్ణి. అలాంటివాడికి ఒక్కసారిగా ఓడలు, లంగర్లు, మిరియాల బస్తాలు, ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరినొకరు మొదటిసారి చూసుకున్న ఒడ్లు దొరికితే ఏమవుతుంది? సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఏమైందో చెబుతాను. మా అవ్వ టమాటా పచ్చడి, ఆలుగడ్డ కూర, జొన్నరొట్టె పెట్టింది. నేను ముద్ద నోట్లో పెట్టుకోకుండానే మొదలుపెట్టాను. "అవ్వా, గీ మిరపకాయ మనది గాదు. సముద్రాల అవుతల కెల్లి ఓడల వచ్చింది. టమాట గూడ గంతే. ఆలుగడ్డ గూడ గంతే." అవ్వ గరిటె పట్టుకుని నిలబడి, "మరి పెరట్ల పెట్టి నీళ్లు పోసింది ఎవలు? ఓడనా, నేనా?" అంది. మా బాపు అప్పటిదాకా మౌనంగా తింటున్నవాడు, "ఎం.ఏ. సదువుమని తోలిస్తె కంచంల ఉన్నయి ఒక్కొక్కటి తీసి బయట పెడ్తుండు. జొన్నరొట్టె అన్న మనదేనా, చెప్పు" అన్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే పోయేది. "అది ఆఫ్రికా బాపూ" అన్నాను. ఆయన ఇంకో రొట్టె నా కంచంలో వేసి, "తినుర ముందుగాల. తిన్నంక దేశం దాటిపిద్దువు" అన్నాడు.

ఈ జ్వరం అంటించినావిడ మా లెక్చరర్. మేము ఆమెను ప్రపంచం మేడం అనేవాళ్లం. ఎండయినా వానయినా చుట్టిన ప్రపంచపటం ఒకటి గొడుగులాగా చంకలో పెట్టుకుని వచ్చేది. (ఒకసారి నిజంగానే వాన పడినప్పుడు తలమీద పట్టుకుంది కూడా, ఆ రోజు నుంచి మా పటంలో ఆస్ట్రేలియా కొంచెం ఉబ్బి ఉండేది.) ఆమె చెప్పేది ఆధునిక ప్రపంచ చరిత్రలో నాగరికతల కలయిక అనే పేపరు. ఇష్టమున్నవాళ్లు తీసుకునేది, ఇష్టం లేనివాళ్లు ఇంకోటి తీసుకునేది. మొదటి రోజు పదకొండుమందిమి ఉన్నాం, రెండోవారానికి తొమ్మిదిమందిమి మిగిలాం. మొదటి క్లాసులోనే మేడం సుద్దముక్కతో బోర్డు మీద ఒక గీత గీసి, "గిది ఒడ్డు. ఒడ్డు మీద ఉన్నోనికి ఓడ కనవడ్డది. ఓడల ఉన్నోనికి ఒడ్డు కనవడ్డది. ఇద్దరు మనసుల ఏమనుకున్నరు? గదే మన పేపరు" అంది. నాకు ఒళ్లంతా జల్లుమంది. ఆ రాత్రి హాస్టల్లో నేను ఒకే పుస్తకం మూడుసార్లు చదివి, మూడుసార్లూ పక్క మంచంవాణ్ణి నిద్రలేపి చెప్పాను. (వాడు అర్థశాస్త్రం. మర్నాడే గది మార్చుకున్నాడు.)

ఆ చలికాలం చివర్లో అటెండరు తాత ఒక చెడ్డ కబురు చెప్పాడు. తొమ్మిదిమంది కోసం ఒక పేపరు ఎందుకని పైనవాళ్లు అనుకుంటున్నారట, వచ్చే ఏడు నుంచి తీసేస్తారట. హైదరాబాదు నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చి మా సెమినార్ చూసి పోతాడు, ఉంచాలా తీసేయాలా అన్నది ఆయన రాసేదాన్ని బట్టే. పేపరు పోతే మేడం కూడా పోతుంది, ఆమె కాంట్రాక్టు మీద ఉన్న మనిషి. ఈ సంగతి మేడం మాకు ఒక్క ముక్క చెప్పలేదు. "సెమినార్‌ల కాయితాలు సదువుడు వద్దు. మానేరు డ్యామ్ ఒడ్డు మీద నిజంగ చేసి చూపెడ్దాం" అని మాత్రం అంది. పోర్చుగీసు కప్తాను కాలికట్ ఒడ్డున దిగడం, అక్కడి రాజు కొలువు. (ఆ కప్తాను పేరు మీకందరికీ తెలుసు, ఏడో తరగతిలో ఒక మార్కు ప్రశ్న.) మా తొమ్మిదిమందికీ వేషాలు పంచింది. రాజు వేషం సిరిసిల్ల నుంచి వచ్చిన మిత్రుడికి దక్కింది. వాళ్లింట్లో పొద్దస్తమానం సాంచాలు నడుస్తాయి, మేము పవర్‌లూమ్‌లను అలాగే అంటాం. ఆ చప్పుడులో పుట్టి పెరిగినందుకు గుసగుసలాడినా పక్క వీధికి వినబడేది. మేము వాణ్ణి సాంచాల రాజు అనేవాళ్లం, ఇప్పుడు నిజంగా రాజయ్యాడు. భైంసా నుంచి వచ్చిన అమ్మాయి దుబాసి. వాళ్ల నాన్న పత్తి వ్యాపారి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, సరిహద్దు దాటితే మరాఠీ, మూడూ నీళ్లు తాగినట్టు మాట్లాడేది. కప్తాను వేషం నాది. నాకే ఎందుకు ఇచ్చారంటే, మేడం అడగకముందే చెయ్యెత్తి బెంచీ మీద నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ పదిహేను రోజులు నేను నేలమీద నడిచిన గుర్తు లేదు. సాంచాల రాజు ఇంటి నుంచి ఎర్రటి లంగా గుడ్డ తెచ్చి నాకు పైవస్త్రం కుట్టించాడు. దుబాసి భైంసా నుంచి గింజ తీసిన పత్తి తెచ్చి, చాయ్ డికాషన్‌లో ఉడకబెట్టి, నాకు గోధుమరంగు గడ్డం తయారుచేసింది. పోర్చుగీసువాళ్లు పోయిన చోటల్లా రాతి స్తంభాలు పాతేవాళ్లని చదివాను కాబట్టి నాకూ ఒక స్తంభం కావాలన్నాను. రాయి మోయడం నావల్ల కాదు, అందుకని ఒక వెదురు బొంగుకు, దూరం నుంచి ప్రొఫెసర్ గారికి కనబడాలని, ఎరుపు తెలుపు పట్టీలు వేశాను. కప్తాను రాజుకు తెచ్చిన కానుకలు చేతులు కడుక్కునే గిన్నెలు, చక్కెర, నూనె, తేనె అనీ, వాటిని చూసి కొలువువాళ్లు నవ్వారనీ పాఠంలో ఉంది. అవీ సిద్ధం చేశాం. గిన్నె బదులు హాస్టల్ మెస్సులో ఉల్లిగడ్డలు కడిగే స్టీలు బేసిన్. ఇవన్నీ బాగానే ఉన్నాయి. చెడగొట్టింది నా ప్రకటన. కప్తాను ఒడ్డున దిగి చదవాల్సిన మాటలు నేనే రాసి మేడంకు చూపించాను. అందులో ఒక పేరా ఇలా ఉంది: "నేటి నుంచి ఈ నేల, ఈ నీరు, కంటికి కనబడినంత మేర ఈ తీరం మా మహారాజుగారివి. ఎవ్వరూ ఎదురు చెప్పరాదు." మేడం ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. "కాలికట్ ఒడ్డున ఆయన గిట్ల అనలే. గిది నీ సొంత కవిత్వం. తీసెయ్." తీసేస్తానని తలూపాను. కానీ చెప్పొద్దూ, ఆ పేరాను బాత్రూంలో గట్టిగా చదువుకుంటే గోడలు కూడా మోగేవి. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు ఫిబ్రవరి ఆఖరు. డ్యామ్‌లో నీళ్లు తగ్గుముఖం పట్టి, ఒడ్డు లోపలికి జరిగింది. మేడం, ప్రొఫెసర్ గారు, సాంచాల రాజు, మిగతావాళ్లు కట్ట దిక్కున ఒక టెంటు వేసి కుర్చీలు పెట్టుకుని కూర్చోవాలి. మేము కొంచెం దూరం నుంచి చేపలు పట్టే పడవలో వచ్చి వాళ్ల ముందు దిగాలి. పడవలో ముగ్గురమే: నేను, దుబాసి, పడవ నడిపే మామ. నేను పడవెక్కడం అదే మొదలు. అది అటూ ఇటూ ఊగగానే రెండు చేతులతో అంచు పట్టుకున్నాను, కానీ గాలికి ఎర్రగుడ్డ వెనక్కి ఎగిరేసరికి అదంతా మరచిపోయి ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాను. "కూసో కప్తాన్, పడ్తవ్" అంది దుబాసి. "నిజమైన కప్తాన్లు కూసోరు" అన్నాను. కొంచెం దూరం పోయామో లేదో కుడిచేతి వైపు ఒడ్డున నాకు టెంటు కనబడింది, కింద చాలామంది మనుషులు. "మామా, రైట్‌కు తిప్పు, మనోళ్లు గక్కడున్నరు" అన్నాను. మామ తెడ్డు ఆపి చూసి, "మీ మేడమోళ్లు కట్ట దిక్కు గద సార్. గా టెంటు గా ఊరోళ్లది కావచ్చు" అన్నాడు. దుబాసి కూడా, "మనోళ్లు తొమ్మిదిమందే గదా, అక్కడ ఎంతమందున్నరో చూడు" అంది. నాకు మాత్రం నా సెమినార్ చూడటానికి జనం విరగబడి వచ్చారనిపించింది. "కప్తాను నేను. తిప్పుమంటున్న గద" అన్నాను. "తిప్పుమంటె తిప్పుత. నాదేం బోయింది" అని మామ తిప్పాడు.

ఒడ్డు దగ్గర పడగానే మోకాలి లోతు నీళ్లలోకి దూకాను. బురదలో ఒక చెప్పు పోయింది, పట్టించుకోలేదు. ఎదురుగా పచ్చటి తీగలు పరుచుకున్న నేల, అక్కడక్కడ పిందెలు. నేరుగా మధ్యకు నడిచి చారల బొంగును బలంకొద్దీ పాతాను. కాగితం తీశాను. అసలు ప్రకటన చదవడానికి నోరు తెరిచానుగానీ, అంతమంది జనాన్ని చూసేసరికి ఉత్సాహం ఆగక, మేడం కొట్టేసిన పేరాతోనే మొదలుపెట్టాను. "నేటి నుంచి ఈ నేల, ఈ నీరు, కంటికి కనబడినంత మేర ఈ తీరం మా మహారాజుగారివి. ఎవ్వరూ ఎదురు చెప్పరాదు." నా గొంతు నీళ్ల మీద పోయి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. చప్పట్లు రాలేదు. తలెత్తి చూస్తే టెంటు కింద యాభై అరవై మంది, రైతులు, ఆడవాళ్లు, తువ్వాల తలకు చుట్టుకున్న ఒక పెద్దమనిషి. అందులో మేడం లేదు. రాజు లేడు. నాకు తెలిసిన మొహం ఒక్కటి లేదు.

నాకు తర్వాత తెలిసింది, అప్పుడు తెలిసి ఉంటే పడవలోంచి దిగేవాణ్ణే కాదు. డ్యామ్ కట్టినప్పుడు వాళ్ల ఊరు నీళ్ల కింద మునిగింది. వాళ్లు పైన మిట్టకు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఏటా నీళ్లు తగ్గినప్పుడు బయటపడే నేలను, శిఖం భూమి అంటారు, దున్ని పుచ్చ, దోస వేసుకుని ఆ నాలుగు నెలలూ బతుకుతారు. ఆ ఏడు సర్వేవాళ్లు వచ్చి ఆ సాగు కూడా ఆపమంటారని పుకారు పుట్టింది. వస్తే అడుగుదామని ఊరంతా టెంటు వేసుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడు నీళ్లలోంచి ఒక మనిషి దిగి, సర్వేవాళ్ల కొలత కట్టెలాంటి చారల కట్టె పాతి, కాగితం చదివి, ఇది మా రాజుది అన్నాడు.

తువ్వాల పెద్దమనిషి లేచి వచ్చాడు. కోపంగా లేడు, అదే భయమేసింది. "ఏ ఆఫీసు సారు మీది?" అన్నాడు. వేషం మనిషినెలా పట్టుకుంటుందో చూడండి, అడిగినదానికి బుద్ధిగా జవాబు చెప్పాను. "పోర్చుగల్." వెనక ఎవరో, "పోచంపాడంట, పోచంపాడు నుంచి వచ్చిండ్రంట" అన్నారు. ఆ మాట టెంటు మొత్తం పాకింది. (గోదావరి మీది పెద్ద ప్రాజెక్టు ఉన్న ఊరు పోచంపాడు. ప్రాజెక్టు ఆఫీసు అనగానే మా వైపు జనానికి ముందు గుర్తొచ్చే పేరు.) "కాదు కాదు, ఇది నాటకం" అన్నాను కంగారుగా. పెద్దమనిషి మొహం మారిపోయింది. "మాతోని నాటకాలా?" అన్నాడు. అప్పటికే ఇద్దరు పోయి పడవ తాడు పట్టుకున్నారు. పడవ మామ తెడ్డు ఒళ్లో పెట్టుకుని, నేనేమీ ఎరుగనన్నట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఫోన్ చేద్దామంటే నాది హాస్టల్లో ఉంది, దుబాసిది ఫోటోల కోసం మేడం దగ్గర. అప్పుడు దుబాసి చీర కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. నేను ఆమె చెవిలో, ఇది నాగరికతల కలయికను అధ్యయనం చేసే విశ్వవిద్యాలయ కార్యక్రమమనీ, చరిత్రలోని ఒక ఘట్టాన్ని ప్రత్యక్ష అనుభవంలోకి తెచ్చే ప్రయత్నంలో దిక్కు విషయంలో పొరపాటు జరిగిందనీ, వారి మనోభావాలను గౌరవిస్తున్నాననీ చెప్పమన్నాను. "ఏమంటుండు సారు?" అన్నాడు పెద్దమనిషి. "తప్పైంది అంటుండు" అంది దుబాసి. "గంతసేపు మాట్లాడి గంతేనా?" "అసలు గంతే ఉన్నది తాతా. మిగతదంత వట్టి గాలి. మేము కరీంనగర్‌ల సదువుకునే పోరలం, సర్వేతోని మాకు సంబంధం లే. గీ పిలగానికి జర ఉషారు ఎక్కువ." ఆమె గొంతులో ఏముందో గానీ, పత్తి బేరంలో పెద్దపెద్దవాళ్లను చల్లబరిచే ఇంటి పిల్ల కదా, రెండు మూడు మొహాలు కాస్త సడలాయి. కానీ పెద్దమనిషి నమ్మలేదు. "సదువుకునే పోరలైతె సామానేంది?" అని పడవలోని కానుకలు తెప్పించాడు. చక్కెర డబ్బా మూత తీసి చూశారు. తేనె సీసా వాసన చూశారు. బేసిన్‌ను ఒక ఆడమనిషి అటూ ఇటూ తిప్పి, "గిదేంది, ఉల్లిగడ్డల వాసనొస్తుంది" అనగానే కొందరు నవ్వారు. ఒట్టు, ఆ కష్టంలో కూడా నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కానుకలు చూసి నవ్వారు, అచ్చం పాఠంలో ఉన్నట్టే. "చూశినవా, సేమ్ గట్లనే" అని దుబాసితో అన్నాను. ఆమె నా కాలు తొక్కింది. అంతలో ఆ ఆడమనిషి బేసిన్ బోర్లించింది. అడుగున పచ్చ రంగుతో, మా మెస్సు వంటాయన చేత్తో రాసిన అక్షరాలు: బాయ్స్ హాస్టల్, ఎవలు ఎత్కపోవద్దు.

పెద్దమనిషి అది చదివి, నన్ను చూసి, మళ్లీ చదివాడు. అప్పటికి నా గడ్డం చెమటకు ఒక వైపు ఊడి వేలాడుతోంది. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటున్నాడా నవ్వుతున్నాడా తెలియలేదు. "పోనీయుండ్రి, పోరలే" అన్నాడు. జనం మళ్లీ కూర్చున్నారు. మాకు పుచ్చకాయ కోసి పెట్టారు. (పుచ్చకాయ సంగతి కూడా నాకు తెలుసు, అదీ ఆఫ్రికా. నోరు తెరవబోతుంటే దుబాసి చూసిన చూపుకు ముక్క గింజలతో సహా మింగాను.)

బయటపడ్డామనుకున్నాను. అప్పుడు టెంటు మూల కూర్చున్న ఒక ముసలవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. చేతిలో కర్ర, నుదుట బొట్టంత పచ్చబొట్టు. "గా కట్టె పాతినవు సూడు, గా జాగల నా దోస మొలక ఉండె" అంది. నేను తల దించుకున్నాను. ఆమె నీళ్ల వైపు చెయ్యి చూపింది. "నేను కోడలిగ వచ్చిన ఇల్లు గా నడిమిట్ల ఉండె. గప్పుడు గూడ గిట్లనే ఒకలు వచ్చిండ్రు. గిట్లాంటి కట్టెనే పాతిండ్రు. కాయితం సదివిండ్రు. మాకు ఒక్క ముక్క సమజ్ గాలే. ఇయ్యాల నువ్వు సదివితె నా పానం మళ్ల గట్లనే అయింది." దుబాసి వైపు చూశాను. మూడు భాషలు వచ్చిన ఆమె పోయి ఆ బొంగును పెరికి పడవలో పడేసింది. అప్పుడు ముసలవ్వే, "మీ మేడం గక్కడ ఎదురుసూస్తుంటది గావచ్చు. నడు, నేను గూడ వస్త. గా కాయితం మళ్లొకపారి సదువు. గప్పుడైతె నోరు రాలే, ఇయ్యాల జవాబు చెప్త" అంది. పెద్దమనిషి వద్దన్నాడు. ఆమె అప్పటికే పడవ దిక్కు నడుస్తోంది.

మేము కట్ట దగ్గరికి చేరేసరికి గంటన్నర ఆలస్యం. ప్రొఫెసర్ గారు లేచి నిలబడి గడియారం చూసుకుంటున్నారు, మేడం మొహం సుద్దముక్కలా ఉంది. పడవలో మేం ముగ్గురం, ముసలవ్వ. వెనకే గట్టు మీంచి ట్రాక్టర్‌లో ఇరవైమంది ఊరివాళ్లు. నేను మేడం దగ్గరికి పోయి జరిగింది గబగబా చెప్పాను, కొట్టేసిన పేరా చదివిన సంగతి కూడా. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఇక నన్ను మానేట్లో తోస్తుందనుకున్నాను. కళ్లు తెరిచి, "గా అవ్వను కూసోవెట్టుండ్రి" అంది. సాంచాల రాజు కిరీటం తీసి చంకలో పెట్టుకుని, సింహాసనం వదిలి, "పెద్దవ్వా, గిండ్ల కూసో" అన్నాడు. నెమ్మదిగానే అన్నాననుకున్నాడు గానీ ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి. ముసలవ్వ రాజు కుర్చీలో కూర్చుని కర్ర అడ్డం పెట్టుకుంది. "సదువు కొడుకా" అంది.

చదివాను. బాత్రూంలో గోడలు మోగించిన గొంతు అప్పుడు గొణుగుడులా వచ్చింది. అయ్యాక ఆమె నాతో కాదు, అందరితో అన్నట్టు చెప్పింది. "నువ్వు దిగినప్పటిసంది నీ రాజు పేరే చెప్తున్నవు. నా పేరు ఒక్కపారి అడుగలే. ఇది ఎవల జాగ, గిక్కడ ఏం పండుతది, మీరు ఏం తింటరు, ఏమన్న అడిగినవా? అడిగితె చెప్పేవాళ్లం. దూపయితుందంటె నీళ్లిచ్చేటోళ్లం. ఇంటికొచ్చినోన్ని ఎల్లగొట్టే కులం గాదు మాది. అడుగకుంట కట్టె పాతినవు. గంతే నా జవాబు." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "దోస మొలక నువ్వే పెట్టియ్యాలె" అంది.

ప్రొఫెసర్ గారు కుర్చీ ముందుకు జరుపుకుని, ఆమె ముందు కూర్చుని, "అమ్మా, మీ పేరేమిటి?" అని అడిగారు. ఆమె చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "సూశినవా, సదువుకున్నోడు గిట్లుంటడు" అంది. అప్పుడు మొదట నవ్వింది మేడం. తర్వాత అందరం. ఆ పైన రాజు కొలువూ లేదు, కానుకలూ లేవు. ఊరివాళ్లు కింద కూర్చుని మునిగిన ఊరి సంగతులు చెబుతుంటే మధ్యాహ్నం దాకా ప్రొఫెసర్ గారు రాసుకుంటూనే ఉన్నారు. మేము కూడా. నా కప్తాను కాగితం వెనక వైపు నిండిపోతే దుబాసి తన చేతి మీద రాసుకుంది.

పేపరు తీసెయ్యలేదు. మేడం ఇంకో మూడేళ్లు అక్కడే చెప్పింది, తర్వాత ఇంకో ఊళ్లో మంచి కాలేజీకి పోయింది. నాకు సెమినార్‌లో వచ్చిన మార్కులు చెప్పుకోదగ్గవి కావు. మేడం నా కాగితం కింద, "గొంతు మంచిగున్నది. చెవులు గూడ వాడాలె" అని రాసింది. ఆ వారమే దుబాసి పోయి సాగు ఆపొద్దని ఊరివాళ్ల తరఫున ఒక దరఖాస్తు రాసిపెట్టింది. నేను పోయి ముసలవ్వ ముందు దోస గింజలు నాటాను, మూడుసార్లు తప్పు లోతులో పెడితే ఆమె మూడుసార్లూ తీయించింది. ఆ ఏడు పంట వాళ్లే కోసుకున్నారు. ఆ తర్వాతి ఏళ్ల సంగతి నేను పోయి కనుక్కోలేదు, ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. దుబాసి ఇప్పుడు భైంసాలో పిల్లలకు సాంఘికం చెబుతోంది, నేను ఖానాపూర్‌లో చరిత్ర చెబుతున్నాను. అప్పుడప్పుడు ఫోన్లో నేను పది నిమిషాలు మాట్లాడితే, ఆమె, "అసలు సంగతేంది?" అని అడుగుతుంది.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సాయంత్రం మేము సిటీ బస్సులో తిరిగొచ్చిన ప్రయాణమే. కిటికీ పక్కన ఒక ఇరవై రెండేళ్ల పిల్లవాడు, ఒక కాలికి చెప్పు లేదు, ఎర్రగుడ్డ ఒళ్లో చుట్టుకుని, సగం గడ్డంతో కూర్చున్నాడు. ముందు సీటు వాళ్లు తిరిగి చూస్తున్నారు. అతను ఆపకుండా మాట్లాడుతున్నాడు, ఇవాళ మనం ఓడలో ఉన్నాం, ఒడ్డు మీదా ఉన్నాం, పుస్తకం రాసినవాళ్లకు కూడా ఇది దొరకలేదు అని. పక్కన దుబాసి ఎప్పుడో నిద్రపోయింది. అతని కళ్లు మెరుస్తున్నాయి, ప్రపంచమంతా ఆ ఒక్క రోజే తెరుచుకున్నట్టు. తాను చేసిన పని అతనికి ఇంకా పూర్తిగా తెలియలేదు. సిగ్గు రెండు రోజుల తర్వాత, హాస్టల్లో తల దువ్వుకుంటుంటే వచ్చింది. ఇప్పుడు నేను ఆ బస్సు ఎక్కగలిగితే అతని పక్కన కూర్చుంటాను. ఏమీ చెప్పను, సరిదిద్దను. స్టేజీ వచ్చేదాకా అతన్ని అలాగే మాట్లాడనిస్తాను.